అరవై నాలుగు గళ్ళ లెక్క

ఇవాళ ఒక సంఖ్య గురించి మాట్లాడుకుందాం. ఒకే ఒక్క సంఖ్య, దాని చుట్టూ కాసిని కబుర్లు. ఇదిగో ఆ సంఖ్య:

1,84,46,74,40,73,70,95,51,615

ఇరవై అంకెలు. నోటితో చదవాలంటే కోట్ల మీద కోట్లు వేసుకోవాలి. ఒక లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు, ఆ పైన నలభై నాలుగు లక్షల చిల్లర కోట్లు, ఆ పైన ఇంకో తొంభై అయిదు లక్షల చిల్లర. మీలో కొందరు ఈపాటికే గుర్తుపట్టి ఉంటారు. చదరంగం కథలో గింజల లెక్క ఇదే. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, అలా రెట్టిస్తూ అరవై నాలుగో గడి దాకా పోతే వచ్చే మొత్తం. కథ అందరికీ తెలిసిందే కనుక రాజుగారినీ, వరం అడిగిన ఆ తెలివైనవాణ్ణీ కాసేపు పక్కన పెడదాం.

మన ఇళ్ళలో ఈ కథ చెప్పేవాళ్ళు సాధారణంగా ఒక్కచోటే ఆపేస్తారు. "అబ్బో, ఎంత పెద్ద సంఖ్య వచ్చిందో! రాజుగారి గాదెలన్నీ కలిపినా చాలలేదు" అని. నా బాధంతా అక్కడే. పెద్దగా ఉండటంలో ఏముందండీ, ఏ సంఖ్యకైనా వెనక నాలుగు సున్నాలు చేరిస్తే పెద్దదైపోతుంది. ఈ సంఖ్య అసలు అందం దాని కట్టుబడిలో ఉంది. దాన్ని విప్పి చూసేవాళ్ళు తక్కువ. ఇవాళ మనం విప్పుదాం.

ముందు దాని బరువు మాత్రం ఒకసారి చేత్తో ఎత్తి చూద్దాం. బియ్యపు గింజ ఒక్కోటీ 20 మిల్లీగ్రాములు తూగుతుందనుకోండి. మొదటి వరసలోని ఎనిమిది గళ్ళకీ కలిపి 255 గింజలు, అయిదు గ్రాములు. పసిపిల్లకి ఒక్క గోరుముద్దకి కూడా రావు. రెండో వరస పూర్తయ్యేసరికి 65,535 గింజలు, కిలో మూడు వందల గ్రాములు. మూడో వరసకి 335 కిలోలు, అంటే పాతిక కిలోల బస్తాలు పదమూడు. నాలుగో వరసతో బల్ల సగం నిండుతుంది. అప్పటికి 429 కోట్ల పైచిలుకు గింజలు, 86 టన్నులు. పది టన్నులు పట్టే లారీలు తొమ్మిది కావాలి. ఇంతవరకూ ఒక రైసు మిల్లు యజమాని పూనుకుంటే అయ్యే పనే. అంటే సగం బల్ల దాకా రాజుగారు ఏమీ నష్టపోలేదు, నవ్వుతూనే ఉండి ఉంటారు.

ఇక రెండో సగం. ఒక్కో వరస దిగుతుంటే మొత్తం దాదాపు 256 రెట్లు అవుతుంది. అయిదో వరసకి 22 వేల టన్నులు. ఆరో వరసకి 56 లక్షల టన్నులు. ఏడో వరసకి 144 కోట్ల టన్నులు. ప్రపంచంలోని వరి రైతులంతా కలిసి ఏడాదికి ఇచ్చే బియ్యం యాభై కోట్ల టన్నులకి కాస్త పైన. కాబట్టి ఏడు వరసలకి ఈ భూమి మూడేళ్ళ పంట చాలు. ఎనిమిదో వరస కూడా నింపాలంటే మొత్తం 36,893 కోట్ల టన్నులు కావాలి. ఏడు వందల ఏళ్ళ పంట! మూడేళ్ళ నుంచి ఏడు వందల ఏళ్ళకి ఒక్క వరసలో వచ్చేశాం చూశారా?

సరే, బరువు దించేద్దాం. ఇప్పుడు అంకెలు చూడండి.

రెట్టింపుల మొత్తానికి ఒక చక్కని గుణం ఉంది. ఒకటీ రెండూ కలిపితే మూడు. ఒకటీ రెండూ నాలుగూ కలిపితే ఏడు. ఇంకో ఎనిమిది కలిపితే పదిహేను. ఎక్కడ ఆగినా మొత్తం ఎప్పుడూ తర్వాతి గడిలో పడాల్సిన గింజలకి ఒకటి తక్కువ. కాబట్టి మన సంఖ్య కావాలంటే అరవై నాలుగు గళ్ళూ కూడనక్కర్లేదు. లేని అరవై అయిదో గడిలో ఎన్ని పడతాయో కనుక్కుని ఒకటి తీసేస్తే చాలు. అంటే రెండుని అరవై నాలుగుసార్లు హెచ్చవేసి ఒకటి తగ్గించాలి.

చివరి అంకె అయిదే ఎందుకు కావాలో కూడా లెక్క చెయ్యకుండానే చెప్పవచ్చు. రెండుని హెచ్చవేసుకుంటూ పోతే చివరి అంకెలు 2, 4, 8, 6, మళ్ళీ 2, 4, 8, 6 అంటూ తిరుగుతాయి. అరవై నాలుగు నాలుగుతో పోతుంది కనుక ఆరు దగ్గర ఆగుతాం. ఒకటి తీసేస్తే అయిదు. ఇంకో వింత చూడండి. పైన రాసిన ఇరవై అంకెలూ మళ్ళీ ఒకసారి చదవండి. 0 ఉంది, 1 ఉంది, 3 నుంచి 9 దాకా అన్నీ ఉన్నాయి. లేనిది 2 ఒక్కటే. ఆది నుంచి అంతం దాకా రెండుతోనే పెరిగిన సంఖ్యలో రెండు అనే అంకె ఎక్కడా కనిపించదు! దీని వెనక సిద్ధాంతమేమీ లేదు, అలా కుదిరింది, అంతే. అయినా చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

ఈ ఇరవై అంకెలతో మన తెలుగుకి సొంత చుట్టరికం ఉంది. 11వ శతాబ్దపు పావులూరి మల్లన పేరు విన్నారు కదా. మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు. ఆ గణితసారం మన భాషలో మొదటి గణిత గ్రంథమని చెబుతారు. చదరంగం గళ్ళ రెట్టింపు మొత్తాన్ని అంకె అంకెగా చెప్పే చంపకమాల ఒకటి ఆయన పేరు మీద ప్రచారంలో ఉంది. అంకెలు నేరుగా చెప్పడు, భూతసంఖ్యల్లో చెబుతాడు. చంద్రుడంటే ఒకటి. అగ్నులు మూడు. వేదాలు నాలుగు. మన్మథుడి బాణాలు అయిదు. కొండలు ఏడు, కులపర్వతాలు గనక. దిగ్గజాలు ఎనిమిది. ఆకాశం సున్నా. అంకెలు ఒకట్ల స్థానం నుంచి మొదలై ఎడమ వైపుకి నడుస్తాయి. అందుకే ఆ పద్యం బాణాలతో మొదలై ఏనుగులూ, చంద్రుడూ వచ్చేసరికి పూర్తవుతుంది. తిప్పి రాసుకుంటే మొదట 1, తర్వాత 8.

ఆ పద్యంలో పనితనం ఎక్కడుందంటే, మన సంఖ్యలో నాలుగు నాలుగుసార్లు వస్తుంది. కవి రెండుసార్లు సముద్రాన్ని, ఒకసారి వేదాల్ని, ఒకసారి బ్రహ్మ ముఖాల్ని పిలిచాడు. సముద్రానికి కూడా రెండుచోట్లా రెండు వేర్వేరు మాటలు. ఏడు మూడుసార్లు వస్తుంది, మూడుసార్లూ కొండే, మూడూ వేర్వేరు పేర్లు. గణాలు తప్పకుండా, యతి చెడకుండా, ఒక్క అంకె కూడా తారుమారు కాకుండా ఇరవై అంకెలు. కాగితం మీద గబగబా రాసుకున్న అంకెల్లో ఒకటి జారిపోతే పట్టుకునే దిక్కుండదు. చంపకమాలలో ఒక మాట జారితే నడక కుంటుపడి చెవికే తెలిసిపోతుంది. ఆ పద్యాన్ని విడదీసి ఇవాళ కంప్యూటర్ ఇచ్చే జవాబు పక్కన పెట్టి చూడండి, ఇరవై అంకెలూ ఇరవైచోట్ల సరిపోతాయి. తెలుగు చదవగలిగిన ప్రతి ఇంట్లో తెలిసి ఉండాల్సిన సంగతి ఇది. మన బడి పుస్తకాల్లో గణితానికీ తెలుగుకీ మధ్య కట్టిన గోడ వల్ల ఇటు లెక్కల మాస్టారూ చెప్పరు, అటు తెలుగు మాస్టారూ చెప్పరు.

దాదాపు అదే కాలంలో, పడమరగా, అల్ బిరూనీ అనే పండితుడు కూడా ఈ సంఖ్యని తన కాలగణన గ్రంథంలో లెక్కకట్టి ఇచ్చాడు. ఆయన పట్టుకున్న దారి చాలా సొగసైనది. అరవై నాలుగుసార్లు రెట్టించే బదులు వర్గాలు చేసుకుంటూ పోవచ్చు. ఒక గడిలోని సంఖ్యని దానితోనే హెచ్చవేస్తే, మొదటి గడి నుంచి అదెంత దూరంలో ఉందో మళ్ళీ అంత దూరంలో ఉన్న గడి సంఖ్య వస్తుంది. అయిదో గడిలో 16. పదహార్ల పదహారు 256, అది తొమ్మిదో గడి. ఇలా రెండు నుంచి బయల్దేరితే 4, 16, 256, 65,536, ఆపైన 429,49,67,296. దాన్ని ఇంకొక్కసారి వర్గం చేస్తే అరవై అయిదో గడికి చేరిపోతాం. మొత్తం ఆరు గుణకారాలు. చివరిది మాత్రం ఓపికగా చేయాలి, కానీ మనిషి చేత్తో చేయగలిగిందే.

ఈ వర్గాల మెట్లు గుర్తుపెట్టుకోండి. సంఖ్యని పగలగొట్టడానికి కూడా ఇవే పనికొస్తాయి.

బడిలో రెండు వర్గాల భేదం అని ఒక సూత్రం నేర్చుకున్నాం. నూరులోంచి ఒకటి తీస్తే తొంభై తొమ్మిది. నూరు పది వర్గం, ఒకటి ఒకటి వర్గం, కాబట్టి 99 అంటే తొమ్మిది పదకొండ్లు. పదికి ఒకటి తక్కువ, పదికి ఒకటి ఎక్కువ. మన సంఖ్య కూడా ఒక వర్గంలోంచి ఒకటి తీసినదే కదా! కాబట్టి 429,49,67,297 అనీ, 429,49,67,295 అనీ రెండు ముక్కలవుతుంది. రెండో ముక్క మళ్ళీ ఒక వర్గానికి ఒకటి తక్కువ. అది 65,537, 65,535 అని విడిపోతుంది. 65,535 మళ్ళీ 257, 255. 255 మళ్ళీ 17, 15. పదిహేను 5, 3. కాగితం మీద పది నిమిషాల పని. చివరికి చేతిలో మిగిలేవి ఇవీ:

3, 5, 17, 257, 65,537, 429,49,67,297.

ఎక్కిన మెట్లే చూడండి, ఒక్కోదానికి ఒకటి చేర్చి వరసగా నిలబడ్డాయి. వీటన్నిటినీ హెచ్చవేస్తే మన గింజల సంఖ్య. వీటికి ఫెర్మా సంఖ్యలని పేరు. 1640 ప్రాంతంలో ఫెర్మా అనే ఫ్రెంచి న్యాయాధికారి ఈ వరసని చూసి, ఇవన్నీ ప్రధాన సంఖ్యలే, ఎంత దూరం పోయినా ప్రధాన సంఖ్యలే వస్తాయని గట్టిగా నమ్మాడు. 3 ప్రధానం. 5, 17, 257, 65,537 కూడా అంతే. అయిదూ కుదిరాయి, ఆరోది ఎందుకు కుదరదు? ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

తొంభై ఏళ్ళు గడిచాయి. గోల్డ్‌బాక్ అనే గణితవేత్త ఒక ఉత్తరంలో ఈ సంగతి ఆయిలర్ అనే మరో గణితవేత్త చెవిన వేశాడు. 1732లో ఆయిలర్, అప్పటికి పాతికేళ్ళవాడు, 429,49,67,297 ప్రధానం కాదని తేల్చేశాడు. అది 641తో భాగింపబడుతుంది. అంత పెద్ద సంఖ్యకి 641 ఎలా దొరికిందని అడుగుతారేమో. గుడ్డిగా వెతికితే ఎప్పటికీ తెమలదు. తర్వాత ఆయిలరే నిరూపించిన నియమం ఒకటి ఉంది. ఈ సంఖ్యని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, 64తో భాగిస్తే ఒకటి మిగలాలి. అలాంటి ప్రధాన సంఖ్యలు వరసగా 193, 257, 449, 577, 641. అయిదోసారికే దొరికిపోయింది!

లెక్క మీద ఇష్టం ఉన్నవాళ్ళు ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. భాగహారం చెయ్యకుండానే 641 పడుతుందని చూపించే దారి ఉంది, నాకు అమితంగా నచ్చిన దారి. 641ని రెండు రకాలుగా రాయవచ్చు. ఒకటి, 5ని 128తో హెచ్చవేసి ఒకటి కలపడం. రెండు, 625కి 16 కలపడం, అంటే 5 నాలుగో ఘాతానికి 2 నాలుగో ఘాతం కలపడం. మొదటిదాని ప్రకారం, 641తో భాగించేటప్పుడు 5 × 128 అనేది −1తో సమానం. 128 అంటే 2 ఏడో ఘాతం. మొత్తాన్ని నాలుగో ఘాతానికి ఎత్తండి. 5 నాలుగో ఘాతాన్ని 2 ఇరవై ఎనిమిదో ఘాతంతో హెచ్చవేస్తే 1కి సమానం. ఇప్పుడు రెండో రూపం వాడండి. 5 నాలుగో ఘాతం ఉన్నచోట −16 పెట్టవచ్చు. పదహారు 2 నాలుగో ఘాతమే కనుక ఇరవై ఎనిమిదీ నాలుగూ కలిసి ముప్పై రెండు అవుతాయి. 2 ముప్పై రెండో ఘాతం −1కి సమానమని తేలింది. దానికి ఒకటి కలిపితే శేషం సున్నా. అయిపోయింది! ఇందులో మనం పెద్ద సంఖ్యని ముట్టుకోనేలేదు.

అలా ఆరో ముక్క 641, 67,00,417 అని రెండైంది. రెండోది కూడా ప్రధానమే. కాబట్టి మన గింజల సంఖ్య కడుపులో ఉన్నవి ఏడు ప్రధాన సంఖ్యలు: 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ఏదీ రెండోసారి రాదు. ఈ ఏడింటిలో కావలసినవాటిని ఎంచుకుని హెచ్చవేస్తే సంఖ్యని భాగించేవన్నీ వస్తాయి, అవి సరిగ్గా 128. అది కూడా రెండు ఘాతమే కావడం బాగుంది కదూ.

ఇంకా పెద్ద సంగతి ఇప్పుడు చెబుతాను. ఫెర్మా వరసలో ఇప్పటిదాకా ప్రపంచానికి తెలిసిన ప్రధాన సంఖ్యలు ఆ మొదటి అయిదే. కంప్యూటర్లతో ఎంత వెతికినా ఆరోది దొరకలేదు. ఇక లేదని కూడా ఎవరూ నిరూపించలేదు. తెలిసినవన్నీ మన చదరంగం సంఖ్యలోనే ఉన్నాయి.

ఈ అయిదూ జ్యామితిలో కూడా ఎదురవుతాయి. 1796లో గౌస్, ఇంకా పంతొమ్మిదేళ్ళు నిండని కుర్రాడు, కంపాసుతోనూ గీతలు లేని స్కేలుతోనూ 17 సమాన భుజాల ఆకారం గీయవచ్చని కనిపెట్టాడు. యూక్లిడ్ కాలం నుంచి రెండు వేల ఏళ్ళపాటు ఎవరూ అనుకోనిది అది. బేసి భుజాల సమబహుభుజి ఈ రెండు పరికరాలతో రావాలంటే, భుజాల సంఖ్య ప్రధానమైన ఫెర్మా సంఖ్య కావాలి, లేదా అలాంటి వేర్వేరు సంఖ్యల గుణకారం కావాలి. మనకు తెలిసినవి అయిదే కనుక, అయిదూ హెచ్చవేస్తే వచ్చేదే తెలిసినంతలో అతి పెద్ద బేసి భుజాల ఆకారం. ఎన్ని భుజాలు? 429,49,67,295. ఎక్కడో చూశామే! చదరంగం బల్ల మొదటి సగంలోని గింజల లెక్క ఇదే. ఆ తొమ్మిది లారీల బియ్యం. గింజకో భుజం చొప్పున గీస్తే గౌస్ సిద్ధాంతానికి తెలిసిన చివరి హద్దు అదే.

పక్కింటి సంఖ్యని కూడా ఒకసారి పలకరిద్దాం. మన సంఖ్యకి రెండు కలిపితే 615 పోయి చివర 617 వస్తుంది. అది ఫెర్మా వరసలో తర్వాతిది. తేడా రెండే కదా, అదీ ఇంతే తేలిగ్గా పగులుతుందనుకుంటాం. పగలదు. అది వర్గానికి ఒకటి ఎక్కువ, మన సూత్రం అక్కడ పనిచెయ్యదు. 1855లో క్లాసెన్ అనే గణితవేత్త గౌస్‌కి రాసిన ఉత్తరంలో దాని కారణాంకాలు ఇచ్చాడు. 1880లో లాండ్రీ అనే ఫ్రెంచి ఆయన, ఎనభై దాటిన వయసులో, సొంతంగా కనుక్కుని ప్రచురించాడు. అవి 2,74,177, 6,72,80,42,13,10,721. ఒక సంఖ్య పది నిమిషాల్లో విడిపోతుంది, రెండు అడుగుల అవతల ఉన్నది ఎంతో ఓపిక అడుగుతుంది. సైజులో రెండూ ఒకటే. అందుకే పెద్దతనం గుణం కాదన్నాను.

కాశీ పేరు కూడా ఈ సంఖ్యతో ముడిపడింది. 1883లో ఎదువార్ లూకా అనే గణితవేత్త హనోయ్ గోపురం అనే ఆటవస్తువు తెచ్చాడు. మూడు కడ్డీలు, ఒకదాని మీద ఒకటిగా బిళ్ళలు. ఆ బిళ్ళలన్నిటినీ వేరే కడ్డీకి మార్చాలి. ఒక్కోసారి ఒక్క బిళ్ళే తియ్యాలి, చిన్నదాని మీద పెద్దది పెట్టకూడదు. దాంతోపాటు కాశీ గుడిలో అరవై నాలుగు బంగారు బిళ్ళల్ని పూజారులు ఇలాగే మారుస్తున్నారనీ, అది పూర్తయిననాడు లోకం అంతమవుతుందనీ ఒక కథ ప్రచారమైంది. గుడి కల్పితం, లెక్క మాత్రం నిజం. ఒక్కో బిళ్ళ పెరిగినప్పుడల్లా కదలికలు రెట్టింపై, ఇంకొకటి చేరుతుంది. అరవై నాలుగు బిళ్ళలకి కావలసినవి సరిగ్గా మన గింజలన్ని. క్షణానికొకటి చొప్పున నిద్రాహారాలు లేకుండా కదిపితే 58 వేల కోట్ల ఏళ్ళకి పైనే పడుతుంది. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్ళే.

ఇక మీ జేబులోని ఫోను. 64 బిట్‌ల ప్రాసెసర్ అని దాని వివరాల్లో రాసి ఉంటుంది. అంటే ఒక సంఖ్యని పట్టుకోవడానికి దాని దగ్గర అరవై నాలుగు మీటలున్నాయి, ఒక్కోటీ సున్నా గానీ ఒకటి గానీ. అన్నీ ఒకట్లు చేస్తే వచ్చే అతి పెద్ద సంఖ్య 1,84,46,74,40,73,70,95,51,615. ఇంకొకటి కలిపితే దానికి చోటు లేదు, అన్నీ సున్నాలైపోతాయి. మల్లన బాణాలతో, కొండలతో చెప్పినది కంప్యూటర్ భాషలో వరసగా అరవై నాలుగు ఒకట్లు.

ఈసారి ఇంట్లో పిల్లలకి చదరంగం కథ చెప్పేటప్పుడు రాజుగారి గాదె దగ్గర ఆపకండి. 67,00,417ని 641తో హెచ్చవేయమనండి. ఆరు వందలతో హెచ్చిస్తే 402,02,50,200. నలభైతో 26,80,16,680. ఒకటితో 67,00,417. మూడూ ఒకదాని కింద ఒకటి రాసిచ్చి, కూడమనండి. జవాబు 429,49,67,297 రావాలి.